కొత్త ల్యాప్‌టాప్‌లో పాత చెత్త

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే దారిలో ఉన్నాయి. కొత్త కంప్యూటర్ కొన్నాం, ఆన్ చేయగానే మేం అడగని సాఫ్ట్‌వేర్లన్నీ ఎదురొచ్చాయి, మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించుకోవచ్చా అని. అందుకే ఈ సంచికలో శీర్షిక అంతా దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొని వారమైంది. తెరిస్తే చాలు, యాంటీవైరస్ గడువు అయిపోతోందని ఒక నోటీసు, రిజిస్టర్ చేసుకోమని కంపెనీ వాళ్ల యాప్ ఇంకోటి, నేను ఎప్పుడూ ఆడని గేములు నాలుగు. ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా విండోస్ ఎక్కించేయమంటాడు నా ఫ్రెండు. కొత్త మెషీన్‌ని కెలకొద్దంటారు ఇంట్లోవాళ్లు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా కొంత కొంత వినండి. అసలు ఆ యాప్‌లు అక్కడికెలా వచ్చాయంటే, వాటిని తయారుచేసేవాళ్లు కంప్యూటర్ కంపెనీకి డబ్బులిచ్చి వేయిస్తారు. ట్రయల్ గడువు అయిపోయాక మనలో కొందరైనా భయపడో, విసుగొచ్చో కొనేస్తామని వాళ్ల లెక్క. మీ డెస్క్‌టాప్ మీద కనిపించేవాటిలో సగం మీకిచ్చిన సౌకర్యం కాదు, పోస్టర్లు అంటించుకోమని కంపెనీ అద్దెకిచ్చిన గోడ.

అలాగని ప్రతిదానికీ ఫార్మాటే మందు కాదు. ముందు ఒక అరగంట కేటాయించి మామూలు పద్ధతిలో తీసి చూడండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లి, పేరు తెలియనివి, అక్కర్లేనివి ఒక్కొక్కటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ట్రయల్ యాంటీవైరస్ మాత్రం ఒక్క దెబ్బకు పోయే రకం కాదు. తీసేశాక రీస్టార్ట్ చేసి, ఆ కంపెనీ సైట్లోనే దొరికే రిమూవల్ టూల్ కూడా ఒకసారి నడపాలి. అది పోగానే విండోస్‌తో వచ్చే డిఫెండర్ దానంతటదే ఆన్ అవుతుంది, మధ్యలో రక్షణ లేకుండా పోతుందని టెన్షన్ పడక్కర్లేదు. తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూసి, అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది.

మరి ఫార్మాట్ ఎప్పుడు? తీసినవే తిరిగొస్తుంటే, తీసేవాటి లిస్టు కొండవీటి చాంతాడులా ఉంటే, లేదా అందులో ఏముందో మీకు నమ్మకం కుదరకపోతే. ఈ చివరి కారణం ఉత్త అనుమానం అనుకోకండి. 2015 ఫిబ్రవరిలో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి ఇచ్చిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడింది. అది బ్రౌజర్‌లో ప్రకటనలు దూర్చడానికి సొంత రూట్ సర్టిఫికెట్‌ని (ఏ సైటు అసలుదో తేల్చడానికి విండోస్ నమ్మే ముద్రని) విండోస్‌లో పెట్టేసింది. పైగా అన్ని మెషీన్లలోనూ ఒకే తాళంచెవి, దాని పాస్‌వర్డ్‌ని నిపుణులు ఇట్టే కనిపెట్టేశారు. అంటే మీరు కూర్చున్న వై-ఫైలోనే ఉన్న ఇంకో మనిషి మీ బ్యాంకు పేజీ మధ్యలో దూరినా బ్రౌజర్‌లో తాళం గుర్తు మామూలుగానే కనిపిస్తుంది. లెనోవో తర్వాత దాన్ని తీసేసే టూల్ ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో డెల్ మెషీన్లలోనూ ఇలాంటి సర్టిఫికెట్ ఒకటి దొరికింది. కాబట్టి మీ ఫ్రెండుది వట్టి చాదస్తం కాదు.

మీరు కొని వారమే అయింది, లోపల పెద్దగా ఏమీ పెట్టి ఉండరు. చేసేటట్టయితే ఇప్పుడే చేసేయండి. ఆరు నెలలు వాడాక చేయాలంటే ఫైళ్లు, పాస్‌వర్డులు, సెట్టింగులు అన్నీ మూట కట్టుకోవాలి, అప్పుడిక ఎవరికీ చేయబుద్ధి కాదు.

ప్రశ్న: పెట్టెలో, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లు మీద ఎక్కడా విండోస్ కీ లేదు. ఫార్మాట్ చేస్తే లైసెన్స్ పోతుందా? మళ్లీ కొనాలా?

జవాబు: కొనక్కర్లేదు. స్టిక్కర్ మీద కీ అంటించే కాలం విండోస్ 7తో పోయింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డు మీదున్న చిప్‌లోనే రాసి ఇస్తున్నాయి. డిస్క్ మొత్తం తుడిచినా దానికేం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ దాన్ని తానే చదువుకుంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది. ఎక్కడైనా కీ అడిగితే నా దగ్గర లేదు అనే ఆప్షన్ నొక్కి ముందుకు వెళ్లండి.

ఒక్క షరతుంది. మీకు ఏ ఎడిషన్ ఇచ్చారో మళ్లీ అదే వేయాలి. హోమ్ లైసెన్స్ మీద ప్రో వేస్తే యాక్టివేట్ కాదు. తుడిచే ముందే సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో యాక్టివేషన్‌కి వెళ్లి ఎడిషన్ పేరు చూసి, ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. హోమ్‌తో వచ్చిన మెషీన్‌కి మీరు విడిగా ప్రో కొనుక్కున్నవాళ్లయితే తమాషా ఏంటంటే, ఇన్‌స్టాలర్ చిప్‌లో ఉన్న హోమ్ కీ చూసి మిమ్మల్ని అడక్కుండానే హోమ్ వేసేస్తుంది. కంగారు పడకండి, అయ్యాక అదే యాక్టివేషన్ పేజీలో ప్రో కీ ఇస్తే మారిపోతుంది.

ప్రశ్న: నేను ఎప్పుడూ ఓఎస్ ఎక్కించలేదు. మొదటి నుంచి చివరిదాకా ఏం చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో చెప్తారా? యూట్యూబ్‌లో చూస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

జవాబు: ఇన్‌స్టాల్ చేయడం కష్టమేమీ కాదు, ఎక్కువ భాగం స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే. తప్పులన్నీ దానికి ముందు జరుగుతాయి, అందుకే ముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువ చెప్తాను.

మొదటిది, వెనక్కి వెళ్లే దారి. కంపెనీ ఇచ్చిన రూపం మళ్లీ కావాలంటే అది సాధారణంగా డిస్క్‌లో దాచి ఉంచిన రికవరీ పార్టిషన్ (డిస్క్‌లో వేరుగా కేటాయించిన భాగం) నుంచే వస్తుంది, మనం తుడిచేటప్పుడు అది కూడా పోతుంది. అందుకని విండోస్‌లోనే క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్ అని వెతికి, సిస్టమ్ ఫైళ్లు కూడా చేర్చమని టిక్ పెట్టి, ఒక పెద్ద పెన్‌డ్రైవ్ మీదకు తీసుకోండి. 32 జీబీది అయితే సాధారణంగా సరిపోతుంది. దాని మీద పేరు రాసి ఒక మూలన పడేయండి. రేపెప్పుడైనా వారంటీలో సర్వీస్‌కి ఇచ్చేటప్పుడో, వేరేవాళ్లకి అమ్మేటప్పుడో పనికొస్తుంది.

రెండోది డ్రైవర్లు, అంటే వై-ఫై, సౌండ్ లాంటి ఒక్కో భాగాన్ని విండోస్‌తో నడిపించే చిన్న ప్రోగ్రాములు. ఇక్కడే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. విండోస్ చక్కగా ఎక్కింది, తీరా చూస్తే అది వై-ఫై కార్డును గుర్తు పట్టలేదు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు! విండోస్ 11 అయితే ఇంకా ఘోరం, మొదటి సెటప్‌లోనే నెట్ లేనిదే ముందుకు కదలనంటుంది. కాబట్టి తుడిచే ముందే మీ మోడల్ నంబర్‌తో కంపెనీ సపోర్ట్ పేజీకి వెళ్లి వై-ఫై, చిప్‌సెట్, స్టోరేజ్ డ్రైవర్లు దించి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఇవన్నీ మర్చిపోయి ఇరుక్కుపోతే చిట్కా ఒకటుంది: ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఏ డ్రైవరూ లేకుండానే చాలా మెషీన్లు దాన్ని నెట్‌గా తీసుకుంటాయి. నన్ను గట్టెక్కించింది అదే.

మూడోది, ఎన్‌క్రిప్షన్. కొత్త మెషీన్లలో చాలావాటిలో డిస్క్ మనకు తెలియకుండానే బిట్‌లాకర్ అనే విండోస్ తాళంతో లాక్ అయి ఉంటుంది. మొత్తం తుడిచేసేవాళ్లకి దీనితో పేచీ లేదు. కానీ దారిలో బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) ఏదో మార్చి, మనసు మార్చుకుని పాత విండోస్‌లోకే వెళ్దామనుకుంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉంటే ఆ కీ మీ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. ముందే చూసి రాసి పెట్టుకోండి, మెషీన్‌లో కాదు, కాగితం మీద.

ఇక అసలు పని. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి నడపండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, కాబట్టి డ్రైవర్లు ఇందులోనే పెట్టుకునేవాళ్లు టూల్ పని అయ్యాక కాపీ చేసుకోవాలి. ఎవరో తెలియనివాళ్లు ‘లైట్’ అని పేరు పెట్టి పంచే విండోస్ ఫైళ్ల జోలికి మాత్రం పోకండి. చెత్త వదిలించుకోవడానికి బయల్దేరి, ఎవరు ఏం కలిపారో తెలియని దాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం దేనికి?

మెషీన్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే, మెషీన్ దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ కీని టపటపా నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పని చేయకపోతే ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి ఆ మెనూని ఆన్ చేయాల్సి ఉంటుంది. నమ్మకమైనవాటినే బూట్ అవనిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపేయమని చాలా వీడియోల్లో చెప్తారు గానీ మైక్రోసాఫ్ట్ టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్‌కి ఆ అవసరం లేదు, అలాగే ఉండనివ్వండి.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన స్క్రీన్ వస్తుంది, డిస్కులూ పార్టిషన్లూ చూపించేది. కంపెనీ వాళ్లవి నాలుగో ఐదో కనిపిస్తాయి. విండోస్ ఉన్న డిస్క్ మీదున్నవన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేసి, చివరికి అన్‌అలొకేటెడ్ స్పేస్ అని ఒక్కటే మిగిలాక దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే చాలు, కావలసిన పార్టిషన్లు విండోస్ తానే చేసుకుంటుంది. కానీ డిలీట్ నొక్కే ముందు డిస్క్ సైజు చూడండి, రెండుసార్లు చూడండి. రెండు డిస్కులున్న మెషీన్‌లో సైజు చూడకుండా నొక్కేసి మా అన్నయ్య పెళ్లి ఫోటోలు పోగొట్టాను నేను. ఇప్పటికీ ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా వదిన ఆ మాట ఎత్తకుండా ఉండదు. రెండో డిస్క్ ఉంటే, వీలైతే దాన్ని ఊడదీసి పక్కన పెట్టడం ఉత్తమం.

ఫైళ్లు కాపీ అయ్యాక మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయకండి, చేస్తే కథ మొదటికొస్తుంది. సెటప్ ముగిశాక విండోస్ అప్‌డేట్‌ని రెండు మూడు విడతలు నడిపి, మధ్యలో రీస్టార్ట్ చేస్తూ పోతే చాలా డ్రైవర్లు వాటంతటవే వచ్చేస్తాయి. డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు గుర్తు ఏవైనా మిగిలితే వాటికి మాత్రం కంపెనీ పేజీ నుంచి వేసుకోండి. కంపెనీ యాప్‌లన్నీ చెత్తే అని కూడా నేననను. ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం చాలా ల్యాప్‌టాప్‌లలో వాళ్ల యాప్‌లోనే ఉంటుంది, రోజంతా ప్లగ్‌లో పెట్టి వాడేవాళ్ల బ్యాటరీకి అది మంచిది. స్పీకర్లు ఒక్కసారిగా డబ్బా రేకులా మోగడం మొదలెడితే ఆడియో సాఫ్ట్‌వేర్ కూడా తిరిగి వేసుకోవాల్సిందే.

ప్రశ్న: మీరు చెప్పినట్టే ఇదివరకు ఒకసారి ప్రయత్నించాను. డిస్క్ ఎంచుకోవాల్సిన చోట అసలు డిస్కే కనిపించలేదు, లిస్టు ఖాళీ. కొత్త మెషీన్, డిస్క్ అప్పుడే పోయిందా అని భయపడి ఆపేశాను.

జవాబు: డిస్క్ బాగానే ఉండి ఉంటుంది. మీది ఇంటెల్ పదకొండో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ అయి ఉంటుంది. వాటిలో చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ని వీఎండీ అనే కంట్రోలర్ వెనక పెట్టి ఇస్తారు, దాని డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే వెనకున్న డిస్క్ కనపడదు. పైన స్టోరేజ్ డ్రైవర్ అన్నాను చూడండి, అది ఇందుకే. కంపెనీ పేజీలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ పేరుతో ఉంటుంది. అది సెటప్ ఫైల్‌గా వస్తే అలాగే పెడితే లాభం లేదు, విప్పి లోపలి ఫైళ్లను ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. ఆ ఖాళీ లిస్టు దగ్గరే లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి, డిస్క్ ప్రత్యక్షమవుతుంది. బయాస్‌లో వీఎండీని ఆపేసినా కనిపిస్తుంది గానీ, అలా వేసుకున్నాక ఎప్పుడో దాన్ని తిరిగి ఆన్ చేస్తే విండోస్ మొరాయిస్తుంది. డ్రైవర్ పద్ధతే నయం.

ప్రశ్న: ఇంత తతంగం ఎందుకు, సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీ అని ఉంది కదా, అది నొక్కితే సరిపోదా?

జవాబు: మెషీన్ నెమ్మదించినప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు అది బాగుంటుంది. కానీ మీ గొడవ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కదా. కంపెనీ తన యాప్‌లను రికవరీ ఫోల్డర్‌లో సర్ది పెడుతుంది, రీసెట్ అక్కడి నుంచి వాటిని మళ్లీ తెచ్చి పెట్టగలదు. ఇల్లు ఊడ్చి, ఆ చెత్తని తలుపు వెనకే పోసినట్టు ఉంటుంది. రీసెట్ చేసేటప్పుడు అదనపు సెట్టింగులలో ముందే వచ్చిన యాప్‌లు తిరిగి పెట్టాలా అనే ప్రశ్న కనిపిస్తే వద్దని చెప్పండి, అప్పుడు చాలావరకు పని అవుతుంది. పెన్‌డ్రైవ్ అంటే చెయ్యి వణికేవాళ్లకి నేనూ ఇదే చెప్తాను.

ప్రశ్న: మొత్తం తుడిచి, మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చిన విండోసే వేశాను. నెట్ తగిలిన పది నిమిషాలకి కంపెనీ యాప్ మళ్లీ ప్రత్యక్షం! దెయ్యమా ఇది?

జవాబు: దెయ్యం కాదండీ, ఫర్మ్‌వేర్, అంటే బయాస్ లాంటి, మెషీన్ చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ ఒక వెసులుబాటు ఇచ్చింది: కంపెనీ తన బయాస్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చు, విండోస్ బూట్ అయ్యేటప్పుడు దాన్ని తీసుకుని నడుపుతుంది. దొంగలు ఫార్మాట్ చేసినా పని చేసే యాంటీ థెఫ్ట్ సాఫ్ట్‌వేర్ లాంటివాటి కోసం అన్నారు. కానీ కంపెనీలు దాన్ని తమ యాప్‌లు తిరిగి దింపడానికీ వాడుకున్నాయి. ఇది కూడా 2015లోనే లెనోవో మీద విమర్శలకు దారి తీసి, చివరికి బయాస్ అప్‌డేట్‌తో ఆ కంపెనీ దాన్ని తీసేసింది. డిస్క్ ఎన్నిసార్లు తుడిచినా బయాస్‌లో ఉన్నది పోదు కాబట్టి మీకు అలా కనిపించింది.

బయాస్‌లోకి వెళ్లి ఆ యాప్ పేరుతోనో, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అనే మాటతోనో ఏదైనా ఆప్షన్ ఉందేమో చూడండి, కొన్ని మదర్‌బోర్డులలో అక్కడే ఆపేసే వీలుంటుంది. లేకపోతే ఇంకో అవకాశం కూడా ఉంది, విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌తో పాటు దాని తోక యాప్‌ని కూడా స్టోర్ నుంచి తెచ్చి ఉండవచ్చు. అలా వచ్చినదైతే మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు పోతుంది. ఇంకా స్టార్ట్ మెనూలో మీరు వేయని గేములు, పాటల యాప్‌ల బొమ్మలు కనిపిస్తే వాటిని మాత్రం కంపెనీ ఖాతాలో వేయకండి, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా గోడ అద్దెకిస్తారు! చాలావాటికి అన్‌పిన్ చేస్తే పోయింది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌తో పాటు ఆఫీస్ ఉచితంగా వచ్చింది. విండోస్ మళ్లీ వేస్తే అది పోదా?

జవాబు: ఈ ప్రశ్న అన్నీ తుడిచేయక ముందే అడిగారు, బతికిపోయారు. తుడిచే ముందు వర్డ్ తెరిచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, ఆఫీస్‌ని యాక్టివేట్ చేయండి. అప్పుడు ఆ లైసెన్స్ మీ అకౌంట్‌కి అతుక్కుంటుంది, తర్వాత అకౌంట్ పేజీ నుంచి మళ్లీ దించుకోవచ్చు. ఏ అకౌంట్‌తో చేశారో గుర్తుంచుకోండి, తాత్కాలికంగా పెట్టిన మెయిల్‌తో చేసేసి తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోయి తలపట్టుకున్నవాళ్లని చూశాను.

ప్రశ్న: తక్కువ ధరకి వస్తుందని విండోస్ బదులు ఫ్రీడాస్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకున్నాను. అమ్మినతను విండోస్ వేసి ఇచ్చాడు, కీ కొనకుండానే యాక్టివేట్ చేసే యాక్టివేటర్ ఏదో కూడా నడిపాడు. ఇప్పుడు నేను కూడా మీరు చెప్పినట్టు ఫ్రెష్‌గా వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. ఆ యాక్టివేటర్లు నడవాలంటే యాంటీవైరస్ ఆపేయాలి, పూర్తి అధికారాలు ఇవ్వాలి, లోపల ఇంకేముందో అడగకూడదు. అలాంటి మెషీన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టమంటే నేనైతే కొట్టను. కాకపోతే మీ మెషీన్ చిప్‌లో విండోస్ కీ ఉండదు, కాబట్టి తుడిచి వేశాక యాక్టివేట్ కాదు. అసలు కీ కొనుక్కోవాలి, లేదంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవాలి. బ్రౌజర్, మెయిల్, సినిమాలు, ఉత్తరాలు రాసుకోవడం వరకే మీ పని అయితే లినక్స్ మింట్ లాంటిది ఒకసారి పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. డిస్క్‌లో ఏమీ మార్చకుండానే వై-ఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ మీ మెషీన్‌లో పని చేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. నచ్చితే అక్కడి నుంచే ఇన్‌స్టాల్ నొక్కవచ్చు. పార్టిషన్ల స్క్రీన్ దగ్గర మాత్రం మా వదినని గుర్తు తెచ్చుకోండి.